బాదమాకుల పక్కన ఎరుపు

జనవరి చలికి, అరబ్బు దేశంలో, ఐన్ ఖాలిద్‌లోని ఒక విల్లా పెరట్లో బాదం చెట్టు ఆకులు పండడం మొదలుపెట్టాయి. ఒక కొమ్మ ఎర్రబడితే ఇంకొకటి పసుపు తిరిగింది, పైన చిటారున మాత్రం ఆకుపచ్చ మిగిలింది. రాలిన ఆకులు ఊడ్చే పని కూడా తనదే కాబట్టి వంటమనిషి కృష్ణకుమారికి ఆ రంగుల మీద ప్రేమేమీ లేదు. ఆమెది అమలాపురం దగ్గర పల్లె.

డ్రైవరు రఫీ రాయచోటి వాడు, ఈ ఇంట్లో చేరి ఎక్కువ రోజులు కాలేదు. పిల్లల్ని బడిలో దింపి వచ్చాక కారు తుడవాల్సిన వాడు, చెట్టు కింద గొంతుక్కూర్చుని ఫోను పట్టుకునేవాడు. ఇంటికి వీడియో కాల్ చేసుకుంటున్నాడేమో అనుకుంది మొదట. తర్వాత గమనిస్తే ఫోను ఎప్పుడూ వంటింటి తలుపు వైపే ఉంటోంది.

ఆమె గంజి పారబోయడానికి బయటికి వస్తే ఫోను కదలదు. ఆమె లోపలికి వెళ్లగానే దిగుతుంది. అనుమానం అనవసరంగా పడకూడదని ఒకసారి కావాలనే ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చింది. మళ్లీ అంతే.

ఒకరోజు చెత్తసంచి పడేయడానికి గేటు దాకా వెళ్తుంటే అతని గదిలోంచి మాటలు వినపడ్డాయి.

"ఈ పొద్దు ఎర్రది బాగా పడింది చూడు. నిన్న తలుపు తీయలా, అందుకే సప్పగా ఉండాది."

కృష్ణకుమారి తనను తాను చూసుకుంది. ఆమె మెడలో ఎర్ర చున్నీ ఉంది. చలికాలమంతా ఆమె వేసుకునేది అదే.

ఇంటి యజమానురాలు మరీహా మేడమ్‌తో చెప్పాలా? చెబితే కేసు అవుతుంది. అతన్ని పంపేస్తారు, సరే. ఆ తర్వాత 'నువ్వెందుకు నిలబడ్డావు ఫొటోకి' అని తననీ అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పి నెగ్గిన ఆడదాన్ని ఆమె ఇంతవరకూ చూడలేదు. నోరు మూసుకుని, మర్నాడు చున్నీ పెట్టెలో పడేసి బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది.

రఫీ చెట్టు కింద చాలాసేపు కూర్చున్నాడు. ఆమె వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. అతను ఒక్క ఫొటో కూడా తీయకుండా, ముఖం వేలాడేసుకుని లేచాడు.

ఇక సందేహం లేదు. చేతిలో గరిటె ఉండగానే పెరట్లోకి వెళ్లింది.

"ఫోను ఇలా ఇవ్వు."

"ఏమైందక్కా?"

"ఇవ్వమంటున్నానా!"

ఇచ్చాడు. ఆమె వేలితో ఒక్కొక్కటే జరిపింది. అన్నీ ఆకులు. వంటింటి కప్పు మీదుగా వచ్చే పొద్దుటి ఎండ ఆకులోంచి దూరి వస్తుంటే, ఆకు మంట పెట్టినట్టు వెలుగుతోంది. ఈనెలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఎరుపు పక్కన పసుపు, దాని వెనక పచ్చ. రోజూ తాను తిట్టుకుంటూ ఊడ్చే చెత్త ఇదా అనిపించి ఒక్క క్షణం కోపం ఆగింది.

అంతలో కనబడింది. అటు మూలన, మసకగా, గుమ్మంలో ఎర్రగా తను. తర్వాతి దాంట్లోనూ. దాని తర్వాత కూడా.

"ఇది నేను కాదా?"

రఫీ తల దించుకున్నాడు. "నువ్వేక్కా. అబద్ధం చెప్పను. చెట్టు ఈ పక్క ఉండాది కదా, రంగంతా ఈ పక్కనే పడిపోతాది. ఆ పక్క గోడ నీడలో బోడిగా ఉంటాది. ఫొటో ఒరిగిపోయినట్టు వస్తాది. నువ్వు ఎర్ర చున్నీ ఏసుకోని గుమ్మంలోకి వస్తే రెండు పక్కలా తూగుతాది."

"అంటే నన్ను తూకంరాయిని చేశావా?"

అతను రాలిన ఆకొకటి ఏరి చేతిలో తిప్పాడు.

"ఎవరికి పంపుతున్నావు ఇవి?"

"మా ఇంటామెకు. రెహానాకు. మగ్గం పని చేస్తాదక్కా, జాకెట్ల మీద. ఏ రంగు దారం పక్కన ఏది కుట్టాలో ఈ ఆకులు చూసి..."

"పెళ్లాం అని ఎవరైనా చెబుతారు. చెయ్ ఫోను. నా ముందు చెయ్."

తెర మీద ఒక పలచటి ముఖం వచ్చింది. రఫీని కాదు, పక్కనున్న కృష్ణకుమారిని చూసింది.

"ఆ ఎర్ర గుడ్డ ఆమె నువ్వేనా?"

కృష్ణకుమారి తెల్లబోయింది. తన అనుమానం అడగాలని వచ్చింది. అవతల ఇంకొకరి అనుమానం ముందే కాచుకుని ఉంది.

"గుమ్మానికి కట్టిన కర్టెన్ అనుకున్న్యా మొదట," అంది రెహానా. "ఒకసారి పెద్దది చేసి చూస్తే కాలు కనపడింది. ఎవురు అంటే, ఆకులు చూడు అంటాడు. ఆకుల ఎనక ఆడమనిషిని పెట్టుకోని ఆకులు చూడమంటే నేనేమనుకోవాల?"

"నేనూ అదే అడుగుతున్నానమ్మా. రంగు తూగడం కోసమట."

ఇద్దరూ రఫీ వైపు చూశారు. అతను చెట్టుకేసి చేయి చూపించాడు.

రెహానా ఫోను కిందికి తిప్పింది. మగ్గం మీద బిగించిన పట్టుగుడ్డ. ఒక భుజం పొడవునా ఎర్రటి, పసుపు ఆకులు. రెండో భుజం ఖాళీ, చివర ఒకే ఒక్క ఎర్ర చుక్క.

"తూగడం నిజమేలే. ఆ చుక్క లేకుంటే బాగుండదు. నువ్వని తెలీక ముందే కుట్టేసినా. పెండ్లికూతురి జాకెట్టు. ఇప్పేయమంటావా అక్కా?"

కృష్ణకుమారి ఆ చుక్కని చూసింది. ముఖం లేదు, పేరు లేదు.

"దారమే కదా. ఉండనీ. ఫొటోలు మాత్రం తీసేయండి, ఇద్దరూ."

ఆమె ఎదుటే రఫీ ఒక్కొక్కటీ తీసేశాడు. ఒకదాని దగ్గర అతని వేలు ఆగింది. ఆకు నిండా వెలుగు, అటు చివర గుమ్మంలో ఎర్రగా ఆమె. అది బాగుందని ఆమెకీ తెలిసింది.

"అదీ తీసెయ్," అంది.

తర్వాత కొన్నాళ్లు రఫీ చెట్టుకి అటువైపు నిలబడి ఫొటోలు తీశాడు. "ఈ పక్క నుంచి తీస్తే ఎండ ఆకులోంచి రాదక్కా, మీద పడతాది. ఆకులు పాలిపోతాండాయి," అని ఒకరోజు చెప్పుకున్నాడు.

కృష్ణకుమారి గిన్నె తోముతూ ఆలోచించింది. "సరే, పాత చోటే కూర్చో. నేను లోపలికెళ్లి గొళ్లెం పెట్టుకుంటాను. ఆ చప్పుడు విన్నాక ఫొటో తియ్యి."

ఆకులన్నీ రాలేదాకా అలాగే జరిగింది. ఆమె గొళ్లెం వేసి, కిటికీ పక్కన నిలబడి ఫోను ఎటు తిరిగిందో చూసేది. రోజూ అది ఆకుల మీదే ఉండేది. అయినా ఆమె చూడడం మానలేదు.