కాళమ్మ పక్కన

మూడో ఫోటోనూ నాలుగో ఫోటోనూ అతికేచోట ఒక హమాలీకి మూడు కాళ్ళు వచ్చాయి. తిమ్మరాజు కళ్ళజోడు పైకి తోసుకుని, తెరమీద ఆ చోటును పెద్దది చేసి చూశాడు. కృష్ణగిరి మామిడి మండీలో కెమెరాను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పుతూ తీసిన ఐదు ఫోటోలవి. ఒకదాని అంచు మీదికి మరొకటి ఎక్కించి, వెలుగు సరిచేసి, ఒకే పొడుగు ఫోటోగా చెయ్యాలి. దాని సీడీ మధ్యాహ్నానికి మామిడి వ్యాపారుల సంఘానికి అందాలి. ఈ హమాలీ మాత్రం నెత్తిన బుట్టతో ఒక ఫోటోలోంచి ఇంకో ఫోటోలోకి నడిచిపోయాడు. తిమ్మరాజు పక్కనున్న గోడ ముక్కను తీసి అతని మీద పూశాడు. నాలుగు నొక్కులకు మనిషి పోయి గోడ మిగిలింది.

అతని చేతికి ఈ పని కొత్తది కాదు. పదహారేళ్ళప్పుడు బాగలూరు నుంచి హోసూరు వచ్చి శ్రీరంగప్ప స్టూడియోలో చేరాడు. ముప్పై రెండేళ్ళయింది. నెగటివుల మీద సన్నపెన్సిలుతో అమ్మవారి మచ్చలు కప్పేవాడు. మూసుకున్న కళ్ళకు కుంచెతో నల్లగుడ్లు దిద్దేవాడు. ఫోటోలు కడిగే మందునీళ్ళలో నాని నాని గోళ్ళకు పట్టిన గోధుమరంగు ఇప్పటికీ వదల్లేదు. ఐదేళ్ళ కిందట స్టూడియోకు కంప్యూటరు వచ్చినప్పుడు, "నేర్చుకుంటావా, ఇంటికాడ ఉంటావా" అని శ్రీరంగప్ప అడిగాడు. నలభై మూడేళ్ళ వయసులో కాలేజీ పిల్లల మధ్య కూర్చుని ఫోటోషాప్ నేర్చుకున్నాడు. తప్పు నొక్కినప్పుడల్లా వాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. ఇప్పుడు హోసూరులో తిమ్మరాజు కలిపితే కుట్టు కనబడదంటారు. బతుకంతా చేసి అతను సంపాదించుకున్న మాట అదొక్కటే.

పదిగంటలప్పుడు ఒకాయన చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాసిన తువ్వాలు, వారం పైబడిన గడ్డం.

"పూలకంపెనీ వాళ్ళ పొడుగు ఫోటో పోయినేడు చేసింది మీరేనాప్పా?"

"మేమే. ఏం కావల్ల?"

"నా పేరు మునెప్ప. బాగలూరు పక్కన. మా ఇంటామె పుట్టమ్మ ఆ కంపెనీలోనే రోజాపూలు కోస్తా ఉన్నింది. ఆ ఫోటోలో ఆమె కనబడలేదు. నిలబడినానని చెప్పింది. మీ కంప్యూటర్లో ఏమన్నా ఉందేమో చూడప్పా. ముఖం ఒకటి చాలు, పెద్దది చేసియ్యి."

తిమ్మరాజు చేయి మౌసు మీద ఆగిపోయింది. ఆ ఫోటోకు నిలబడింది ఎనభై మూడుమంది. పాలిథిన్ పందిరి ముందు మూడు వరుసలు. ఎవరూ కదలొద్దని అంతగా చెప్పినా, చివరి వరుసలో ఒకామె కొంగు సర్దుకుంది. ఒక ఫోటోలో చెయ్యి పైన, ఇంకో ఫోటోలో కింద. సరిగ్గా కుట్టు ఆమె మీదుగానే పోయింది. గంటసేపు ఓపికగా కూర్చుంటే కుదిరేది. కంపెనీ మేనేజరు స్టూడియో వాకిట్లో తొందరపడుతున్నాడు. పందిరి ముక్కను తెచ్చి ఆమె మీద కప్పి, రెండు పక్కలనూ కాస్త దగ్గరికి జరిపాడు. ఎనభై రెండుమంది అయ్యారు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ సాయంత్రం శ్రీరంగప్ప అతని భుజం తట్టి, "నీ చేయి చేయేనప్పా" అన్నాడు. ఆ మాటకు తిమ్మరాజు ఇంటికి పోయేదాకా పొంగిపోయాడు.

ఇదంతా ఆ మనిషికి అప్పుడే చెప్పి ఉండవచ్చు. "పాత ఫైళ్ళు వెతకల్ల. సాయంత్రం రాప్పా" అన్నాడు.

మునెప్ప వెళ్ళాక తిమ్మరాజు మండీ ఫోటోలో హమాలీని తిరిగి పెడదామనుకున్నాడు. గోడ పూసిన నాలుగు నొక్కులనూ వెనక్కి తీశాడు కూడా. మూడు కాళ్ళూ మళ్ళీ వచ్చాయి. అంతలో శ్రీరంగప్ప తలుపు దగ్గర నిలబడి, "ఎంతవరకు వచ్చిందప్పా, సంఘం మనిషి కాచుకోనుండాడు" అన్నాడు. తిమ్మరాజు మళ్ళీ గోడ పూసేశాడు. పొరలన్నీ ఒకటి చేసి, ఇక విడదీయడానికి లేకుండా జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేశాడు. పచ్చటి గీత నెమ్మదిగా నిండుతుంటే తెర వైపు చూడలేక గోళ్ళు చూసుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. పూలకంపెనీ అసలు ఫోటోలు యంత్రంలో లేవు. డిస్కు నిండుతోందని పని అవగానే తనే చెరిపేశాడు. అలమరలోని పాత సీడీలు ఒక్కొక్కటే వేసి చూశాడు. నాలుగు గంటలకు ఒకదాంట్లో, సగంలో ఆపి దాచిన ఆ ఫోటో పని దొరికింది. అందులో ఆమె సగం ఉంది. ఒక కన్ను, ముక్కుపుడక, కొంగు పట్టుకున్న చెయ్యి. మిగతా సగం మీద అప్పటికే పందిరి కప్పి ఉంది. ఆ సగాన్నే పెద్దది చేసి అచ్చు తీశాడు.

ఆరు కాకముందే మునెప్ప వచ్చాడు. చేతిలోని ప్లాస్టిక్ కవరును గాజుబల్ల మీద పెట్టాడు. లోపల గంధపు చెక్కపొట్టుతో అల్లిన మాల ఉంది, పోయినవాళ్ళ పటాలకు వేసేది.

తిమ్మరాజు దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడప్పా?"

"పది దినాలాయె. జరమే కదా అనుకున్న్యాము. రేపు కర్మ. ఇంట్లో ఆమెది ఒక్క ఫోటో లేదు. ఓటుకార్డులో ముఖమంతా మసి."

"ఆమె నిలబడిందప్పా," అన్నాడు తిమ్మరాజు. "నేనే తీసేసినాను. రెండు ఫోటోలు కలిసేకాడ నిలబడింది. సరిగా కుదరలేదని, పని తొందరలో, కప్పేసినాను."

మునెప్ప తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. అతను బల్లకు చెయ్యి ఆనించాడు.

"ఆఫీసులో ఆ ఫోటో తగిలించిన దినం అందరం పోయి చూసినాము. నాతో పూలు కోసే కాళమ్మ పక్కన నిలబడినాను అనింది. కాళమ్మ ఉంది, ఈమె లేదు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇంటికొచ్చినంక మళ్ళా అదే మాట అనింది. అబద్ధాలు చెప్పొద్దని గట్టిగా అరిచినాను. ఆపొద్దు నుంచి ఆమె ఆ మాట ఎత్తలేదు."

తిమ్మరాజు అచ్చు తీసిన కాగితాన్ని రెండు చేతులతో ముందుకు జరిపాడు. "ఇంతే మిగిలింది."

మునెప్ప దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. ముక్కుపుడక మీద వేలు పెట్టాడు. "ఆమే," అన్నాడు. తర్వాత, "ఈ పక్కన ఇది కాళమ్మ భుజమేనా?"

"అవునప్పా."

"అయితే దీన్ని పటం కట్టించను. రేపు ఆపొద్దు నవ్వినవాళ్ళంతా వస్తారు కదా. ఒక్కొక్కరి చేతికీ ఇస్తాను. చూడనీ."

కాగితాన్ని మడవకుండా తువ్వాల్లో చుట్టి, చంకలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతను వదిలిపోయిన మాల కవరు పట్టుకుని తిమ్మరాజు బస్టాండు దాకా పరుగెత్తాడు. బాగలూరు బస్సు అప్పుడే కదిలిపోయింది.

తిరిగి వచ్చి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ముందున్నచోటే పెట్టాడు. గాజుబల్ల మీద, నవ్వుతున్న పెళ్ళికూతుళ్ళ ఫోటోలకు పైన, విప్పని కవరులో గంధపు మాల చుట్ట చుట్టుకుని ఉంది.