బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు

నాకు అప్పటికే తల తిరిగిపోతోంది. నీటి పైపు కోసం తవ్వుతున్న కాలువ సరిగ్గా ఓ నక్క బొరియ ముందుకొచ్చి ఆగింది. పని చూసుకునేది నేను, మెషీన్ నడిపేది మా మరిది. అవతల పేటలో కుళాయిలు ఎండిపోయి, జనం ఫోన్లు చేసి నా ప్రాణం తోడేస్తున్నారు.

జంతువుల సంగతి చూడ్డానికి కంపెనీ ఓ నిపుణుణ్ణి పెట్టింది. ఎదురుగా సార్ అంటాం, వెనకాల నక్కల మావయ్య అంటాం. మొన్న ఆయనే బొరియ నోటికి రేకు తలుపు బిగించాడు. లోపలి నుంచి తోస్తే తెరుచుకుంటుంది, బయటి నుంచి ఎంత నెట్టినా కదలదు. జంతువు తనంతట తనే బయటికొచ్చేస్తుంది, ఇల్లు ఖాళీ అయ్యాక మేం తవ్వుకోవచ్చు. ఎవరికీ దెబ్బ తగలదు కదా అని నేనూ సంబరపడ్డాను.

మరి ఈ నక్కకేం మాయరోగం? పొద్దున మేం వచ్చేసరికి తలుపు ముందే ఉంది. మెషీన్ కదిలిస్తే నాలుగడుగులు వెనక్కి పోతుంది, ఆపితే మళ్లీ వచ్చి రేకును గీకుతుంది.

"పిచ్చి పట్టిందేమో వదినా," అన్నాడు మరిది. "గుట్ట నిండా చోటే. దీనికి ఈ కొంపే ఎందుకట?"

"నన్నడుగుతావేం? నేనేమైనా దాని పిన్నినా?"

విసుగొచ్చి సార్‌కి ఫోన్ చేశాను.

"బొరియ దగ్గర పెట్టిన కెమెరా చూశానమ్మా," అన్నాడాయన. "ఒక్కటే బయటికొచ్చింది. లోపలికి ఏదీ వెళ్లలేదు, పిల్లలుంటే పాలివ్వడానికి వెళ్లేదిగా. పిల్లలు పెట్టే కాలం కూడా కాదు. తవ్వండి."

"లోపలికి వెళ్లలేదా?"

"ఒక్కసారి కూడా."

"ఎలా వెళ్తుంది సార్? తలుపు బిగించింది మనమేగా!"

ఆయన ఒక్కసారిగా అరిచాడు. "తీసెయ్యండి. ముందు ఆ తలుపు తీసెయ్యండమ్మా."

మరిది రేకు ఊడబీకాడు. నక్క మా వంక చూడనైనా చూడకుండా లోపలికి దూరింది. కాసేపటికి నోట్లో ఓ కూనతో బయటికొచ్చింది. రేకును తోసే బలం ఆ పసిదానికెక్కడిది! కూన కాళ్లు కదిలాయి. దాన్ని గుట్ట అవతల వదిలి, మరోదాని కోసం పరుగున వచ్చింది.

"బతికున్నాయ్ వదినా!" మరిది మెషీన్ మీంచి దూకి చప్పట్లు కొట్టాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అంతలోనే వాడి మొహం మాడిపోయింది. మేం తవ్వుకుంటూ వచ్చిన కాలువ వైపు తిరిగాడు.

"అక్కడి బొరియలకు కూడా ఇలాంటి తలుపులే పెట్టాంగా. వాటి ముందు ఇలా ఏదీ తిరగలేదు కదా?"

"లేదు," అన్నాను వెంటనే. అన్నాక నాకే అయోమయంగా అనిపించింది. తలుపులు తీశాం, తవ్వాం, పైపు వేసి మట్టి పోశాం. చుట్టూ ఏం తిరిగిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

"చెప్పు వదినా, తిరగలేదు కదా?"

"ఏమో. నేను చూడలేదు."