చల్లారిన నీళ్ళు

మొదటి రోజే ఈ చిన్న సిస్టర్‌కు అంత నవ్వెందుకో, పళ్ళన్నీ బయటపెట్టి, గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి పిల్లకూ పెళ్ళికొచ్చిన చుట్టానికి ఎదురెళ్ళినట్టు ఎదురెళుతోంది, ఇది నర్సింగ్ స్కూలా విడిదిల్లా, అనుకుంది పెద్ద సిస్టర్, వెనక వరసలో గోడవార కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని, ఇన్నేళ్ళూ ఆ గుమ్మంలో నిలబడింది తను, నవ్వకుండా నిలబడింది, నవ్వితే పిల్లలు నెత్తికెక్కుతారని, నర్సు పనంటే ఏమిటో, క్రైస్తవ నర్సు అంటే ఏమిటో కొత్త పిల్లలకు చెప్పే మొదటి క్లాసు ఈ స్కూల్లో ఎప్పుడూ తనదే, పరీక్షలు ఎవరు పెట్టినా, వార్డుల్లో ఎవరు తిప్పినా, మొదటి మాట మాత్రం తనదే, ఈ ఏడు చిన్న సిస్టర్‌కిచ్చారు, తన దగ్గరే చదువుకుని, తన దగ్గరే దుప్పటి మడతలు దోపడం నేర్చుకున్న పిల్లకు, గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టు, పైగా ప్రిన్సిపాలమ్మ ఎంత తియ్యగా చెప్పింది, నీకు కాస్త విశ్రాంతి కావాలి కదమ్మా అని, విశ్రాంతి ఎవరడిగారు, నువ్వు వెనక కూర్చుని చూడు, చూసి నాకు చెప్పు, నువ్వు సరేనంటే ఇకనుంచి ఆ క్లాసు ఆ అమ్మాయికే, కాదంటే మళ్ళీ నీకే, నీ మాట మీదే వదిలేశాను అని, అడిగారు కాబట్టి చెబుతుంది, ఏం చెప్పాలో పొద్దున తల దువ్వుకుంటూనే సిద్ధం చేసుకుంది, మంచి పిల్లే కానీ ఇంకా పచ్చిగా ఉంది, ఒకటి రెండేళ్ళు ఆగుదాం, అబద్ధం కాదు, చాడీ కాదు, ఎవరి మనసూ నొచ్చుకోని మాట, అద్దంలో చూసుకుంటూ పైకే చెప్పుకుంది, వెనకనుంచి భర్త విని, ఎవరే పచ్చి అన్నాడు, ఏం లేదంటే ఊరుకునే మనిషి కాదు, సంగతి లాగి, ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా అని నవ్వి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు, పుండు మీద కారం చల్లడంలో ఆయనకు ఆయనే సాటి.

ఇది ఓర్వలేనితనమా అని తనను తాను అడక్కపోలేదు, ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండి మరీ అడిగింది, తోటి సిస్టర్లందరి పేర్లూ వరసగా దేవుడికి అప్పజెబుతూ చిన్న సిస్టర్ పేరు దగ్గరకు రాగానే దగ్గొస్తుంది, దగ్గి తరవాతి పేరుకు వెళ్ళిపోతుంది, దగ్గుకూ దగ్గుకూ తేడా దేవుడికి తెలీదా, అవును అసూయే, ఎందుకుండదు, ఆ కాన్పుల వార్డు సంగతేమిటి, పగలంతా నొప్పులు పడుతుంటే ఆ తల్లి నడుం పట్టి నిలబెట్టింది తను, ఆవిడ గోళ్ళు గుచ్చుకుంటే మణికట్టు మీద రక్తం చిమ్మింది తనకు, సాయంత్రం డ్యూటీకి తీరిగ్గా వచ్చి బిడ్డను తుడిచి గుడ్డలో చుట్టి చేతికిచ్చింది ఆ పిల్ల, ఆడపిల్ల పుట్టింది, పేరెవరిది పెట్టారు, ఆ పిల్లది, వండిందొకరు వడ్డించిందొకరు, వడ్డించిన చెయ్యే అందరికీ కనబడుతుంది, పైకి ఎంత బాగుందో పేరు అని మెచ్చుకుని, గుడ్డలు మార్చుకునే గదిలోకి వెళ్ళి మణికట్టుకు మందు రాసుకుంది, మందు కంటే ఆ పేరే ఎక్కువ మండింది.

ఇదిగో మొదలుపెట్టింది, బోర్డు మీద ఒక్క ముక్క రాయలేదు, తనైతే ముందు నిర్వచనం రాసేది, నర్సు అనగా, అని, దాని కింద సేవ, త్యాగం, సహనం, పిల్లలు తలలొంచుకుని రాసుకునేవాళ్ళు, గది నిశ్శబ్దంగా ఉండేది, ఇక్కడ సంత, ఈ చదువుకెందుకొచ్చారు, నిజం చెప్పండి, అని అడుగుతోంది, జడ ముందుకేసుకున్న పిల్ల లేచి, దేవుడు పిలిచాడండీ అంది, మంచిది, ఏమని పిలిచాడు అంటే జడ వెనక్కేసుకుని కూర్చుంది, కళ్ళద్దాల పిల్ల లేచి, ఉద్యోగం తొందరగా వస్తుందని మా నాన్న చేర్పించాడు సిస్టర్ అంది, గదంతా గొల్లుమంది, ఇప్పుడు చూడాలి ఈవిడ తెలివి, తనైతే ఇది ఉద్యోగం కాదు పరిచర్య అని ఆ పిల్లను గంటసేపు వాయించేది, చిన్న సిస్టర్ మాత్రం, నిజం చెప్పావు, బాగుంది, జీతం తీసుకోవడం పాపమేం కాదు, నేనూ ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తాను, కానీ ఒకాయన లేవలేక మంచంలోనే దొడ్డికెళ్ళి, ఆ సిగ్గుతో నిన్నే బూతులు తిడతాడు చూడు, అప్పుడు నీకు జీతం ఒక్కటే గుర్తొస్తే కసిగా తుడుస్తావు, ఈయన్ని కూడా దేవుడు తన పోలికలోనే చేశాడని గుర్తొస్తే మెల్లగా తుడుస్తావు, తుడవడం రెండుసార్లూ ఒకటే, చెయ్యే వేరు, అంది, కళ్ళద్దాల పిల్ల కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడిపోయింది, ఇంకో మాట, రోగి అడక్కుండా ప్రార్థన చెయ్యకండి, మంచం దిగి పారిపోలేనివాడికి ప్రసంగం చెప్పడం ఏం భక్తి, అడిగితే చెయ్యండి, అడక్కపోతే మనసులో చేసుకుని ఆయనకిన్ని మంచినీళ్ళివ్వండి, అమ్మమ్మా ఎంత మాట, అనుకుంది పెద్ద సిస్టర్, ఇది కూడా ప్రిన్సిపాలమ్మ చెవిన వెయ్యాలి అనుకుంది, అనుకుంటూనే నిజమే కదా అని కూడా అనిపించింది, అలా అనిపించినందుకు ఒళ్ళు మరింత మండింది.

ఇక స్నానం పాఠం, మొదటి క్లాసు ఎప్పుడూ దానితోనే ముగుస్తుంది, లేవలేని రోగిని మంచం మీదే తడిగుడ్డతో తుడిచి శుభ్రం చెయ్యడం, తను బొమ్మకు చేసి చూపించేది, మూల మంచం మీద పడుకుని ఉండే రబ్బరు బొమ్మకు, చిన్న సిస్టర్ ఆ బొమ్మను లేపి కుర్చీలో కూర్చోబెట్టేసింది, ఈవిడకి ఇవాళ సెలవు అని, మీలో ఎవరైనా వచ్చి పడుకుంటారా, ముఖం, చేతులు, కాళ్ళు, అంతే, అంటే ఒక్కతీ కదల్లేదు, ఒకళ్ళ వెనక ఒకళ్ళు నక్కి కిచకిచలాడుతున్నారు, బాగా అయింది, బొమ్మే గతి ఇక, అని పెద్ద సిస్టర్ కాస్త సర్దుకుని కూర్చుందో లేదో, సిస్టర్, మీరొకసారి వస్తారా, అన్న మాట వినబడి తలలన్నీ వెనక్కి తిరిగాయి, రానంటే బాగుండదు, వస్తే అంతకంటే బాగుండదు, కుడితిలో పడ్డ ఎలుక పని అయిపోయింది, కావాలనే పిలిచింది, అందరి ముందూ నన్ను పడుకోబెట్టి తను నిలబడడానికి, అనుకుంటూనే నడిచింది, బూట్లు విప్పింది, పడుకుంది, ఇన్నేళ్ళలో ఆ మంచం మీద వేసిన దుప్పట్లకు లెక్క లేదు కానీ ఒక్కసారి పడుకున్నది లేదు, పైకప్పు మీద ఇంత పెద్ద చెమ్మ మరక ఉందని ఇవాళే తెలిసింది, చుట్టూ నిలబడ్డ పిల్లలు ఎంత పొడుగ్గా ఉన్నారో, అందరి గడ్డాలే కనబడుతున్నాయి, రోగులకు మనం ఇలా కనబడతామా, తన గడ్డం కింద ఎలా ఉంటుందో ఏమో.

చిన్న సిస్టర్ బేసిన్‌తో వేడినీళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టింది, ఆవిరి లేస్తోంది, తువ్వాలు భుజాన వేసుకుంది, ప్రార్థన చేద్దాం అని కళ్ళు మూసుకుంది, వరస తప్పలేదు, ప్రార్థన మాత్రం చేస్తూనే ఉంది, పిల్లల కోసం, వాళ్ళ అమ్మానాన్నల కోసం, ముందుముందు వీళ్ళ చేతుల్లోకి రాబోయే రోగుల కోసం, వాళ్ళింకా జబ్బు కూడా పడలేదు పాపం, అనుకుంటూ పెద్ద సిస్టర్ ఒక కన్ను తెరిచి బేసిన్ వైపు చూసింది, ఆవిరి పల్చబడింది, ఇంకాసేపటికి ఆవిరే లేదు, ఆమె మనసు గంతేసింది, దొరికింది, దొంగ దొరికింది, ప్రార్థన చేసి చేసి నీళ్ళు చల్లార్చుకుంది, ఇప్పుడా చల్లటి గుడ్డ తెచ్చి ముఖాన వేస్తుంది, తను ఉలిక్కిపడుతుంది, కొంచెం ఎక్కువగానే ఉలిక్కిపడాలి, వెనక వాళ్ళకు కూడా కనబడేలా, అబ్బా అని కూడా అనొచ్చు, ఆమెన్ అంది గదంతా, అందరికంటే గట్టిగా తను అంది, చిన్న సిస్టర్ మణికట్టు లోపలివైపు నీళ్ళలో ముంచి చూసి ఆగిపోయింది, అయ్యో, అని పిల్లల వైపు తిరిగింది, చూశారా, తప్పు చేశాను, నీళ్ళు చల్లారిపోయాయి, దేవుడితో మాట్లాడుతూ మంచం మీదున్న మనిషిని మర్చిపోయాను, మీరు ప్రార్థన ముందు చేసుకుని నీళ్ళు తరవాత తెచ్చుకోండి, దేవుడు ఆగుతాడు, నీళ్ళు ఆగవు, క్షమించండి సిస్టర్, ఇప్పుడే వస్తాను, అని బేసిన్ ఎత్తుకుని వేడినీళ్ళ పంపు దగ్గరకు వెళ్ళింది.

అందరి ముందూ తప్పు చేశానని అంత తేలిగ్గా ఎలా అంటారు, తనైతే నాలుక కోసుకునేది కానీ అనేది కాదు, అనుకుంది, అనుకుంటూ ఉంటే ఏదో తట్టి దొంగ దొరికిందన్న సంతోషం కాస్తా ఎగిరిపోయింది, ఆ వరస ఎవరిది, ముందు నీళ్ళు తెచ్చి స్టూలు మీద పెట్టుకోవాలి, తరవాత ప్రార్థన, ప్రార్థనయ్యాక అటూ ఇటూ తిరగకూడదు, భక్తి చెదిరిపోతుంది, అని ఏటేటా బల్ల గుద్ది చెప్పింది ఎవరు, తనే, ఈ పిల్ల ముందు వరసలో కూర్చుని విన్నది తన దగ్గరే, ఈ పిల్ల ప్రార్థన ఏపాటి, తనది ఇంతకు రెండింతలుండేది, అంటే ఏటేటా చల్లటి నీళ్ళతోనే కడిగింది ఆ బొమ్మను, బొమ్మకేం, చలేస్తోందని చెబుతుందా, మాకిలాగే నేర్పారండీ అని ఒక్క ముక్క అంటే చాలు తన పరువు ఆ బేసిన్‌లో కలిసిపోయేది, ఆ పిల్లకు గుర్తులేకనా, గుర్తుంది, అయినా తప్పు చేశాను అంది, మనం అని కూడా అనలేదు, గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకరు మంచం మీద, ఒకరు పంపు దగ్గర, ఇదీ గొప్పకోసమేనేమో, నన్ను ఇంకా చిన్నబుచ్చడానికేనేమో అని పెద్ద సిస్టర్ ఆ పిల్ల ముఖంలో వెతికింది, నీళ్ళు ఒలకకుండా మొయ్యాలన్న ధ్యాస తప్ప ఆ ముఖంలో ఏమీ లేదు.

మీ ముఖం మీద చెయ్యి వేస్తున్నాను సిస్టర్, అని చెప్పి వేసింది, సబ్బు లేకుండా కళ్ళు ముందు, ముక్కు వైపు నుంచి బయటికి, రెండో కంటికి గుడ్డ మడత మార్చి, ఎక్కడా తప్పు లేదు, తప్పు కోసం చూడడం కూడా ఎప్పుడు ఆపేసిందో తెలీలేదు, ఆ చెయ్యి అలాంటిది, తొందర లేదు, భయం లేదు, ఇది పని, ముగించాలి అన్నట్టు లేదు, తన ముఖం ఎవరైనా తుడిచి ఎన్నేళ్ళయిందో, చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ తుడిచేది, ఆ తరవాత ఎవరు తుడిచారు, భర్త అయితే నుదుటి మీద చెయ్యి వేసి, ఏం లేదులే, టీ పెట్టు అంటాడు, మేజోళ్ళు తియ్యబోతే గబుక్కున కాళ్ళు ముడుచుకుంది, కాళ్ళొద్దులేమ్మా, అంది, మడమలు బీటలు వారి ఉన్నాయి, బొటనవేలి పక్కన ఆనెకాయ, వీళ్ళందరి ముందూనా, పిల్లలు కిసుక్కుమన్నారు, చిన్న సిస్టర్ వెంటనే చేతులు వెనక్కి తీసుకుని, వంగి, పిల్లలకు వినబడకుండా, మీరు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను సిస్టర్, మీ ఇష్టం, అంది, అని అలాగే ఆగింది, నిజంగానే ఆగింది, ఆ ఆగడం చూసి పెద్ద సిస్టర్ కాళ్ళు చాపింది, అప్పుడు చిన్న సిస్టర్ పిల్లల వైపు తిరిగి, ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగినప్పుడు కూడా ఒకాయన కాళ్ళు ఇవ్వనన్నాడు, ఆయన్ని చూసి నవ్వకండి, కడగడం కంటే కడిగించుకోవడం కష్టం, మీ రోగులందరూ ఆయనే, అంది, ఎన్నేళ్ళుగా చెప్పింది తను ఈ కథ, ఎప్పుడూ మోకరించినవాడి వైపునుంచే చెప్పింది, కాళ్ళు ముడుచుకున్నవాడి వైపునుంచి ఒక్కసారీ చూడలేదు, వేళ్ళ సందుల్లో వెచ్చగా నీళ్ళు తగులుతున్నాయి, ఆనెకాయ దగ్గర గుడ్డ నెమ్మదించింది, కళ్ళు చెమ్మగిల్లాయి, సబ్బు పడిందనుకుందామంటే ముఖానికి సబ్బే వాడలేదు.

క్లాసయ్యాక పిల్లలు ఆ పిల్ల చుట్టూ మూగారు, తన చుట్టూ ఇలా ఏనాడైనా మూగారా, లేదు, మళ్ళీ భగ్గుమంది లోపల, కాళ్ళు కడిగితే అసూయ కూడా కడుక్కుపోతుందా, పోదు, అది తడిసి ఇంకాస్త బరువెక్కినట్టుంది, గుమ్మం దగ్గర ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని నిలబడి ఉంది, ఎలా చెప్పిందమ్మా, సరేనా, అంది, మంచి పిల్లే కానీ, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, పచ్చిగా ఉంది అంటే చాలు, వచ్చే ఏడు ఆ గుమ్మం మళ్ళీ తనది, ఆ బోర్డు తనది, ఆ బొమ్మ తనది, ప్రిన్సిపాలమ్మ చూస్తోంది, బొమ్మకెలా కడిగినా ఒకటే, మనిషికి కాదు, రేపు తనే మంచాన పడితే, నోటమాట కూడా పోయి, కాళ్ళొద్దని చెప్పడానికైనా లేకుండా పడి ఉంటే, తలుపు తీసుకుని ఎవరు లోపలికి రావాలి, తనలాంటి నర్సా, ఆ ప్రశ్న అడుగుతుండగానే కాళ్ళు మళ్ళీ ముడుచుకోబోయాయి, అమ్మో వద్దు, తనలాంటి నర్సు తనకే వద్దు, ఇంత చదివి, ఇందరికి చేసి, తనకు కావలసింది ఆ పిల్ల చెయ్యి, ఎంత ఏడ్చినా, ఎంత మండినా అదే నిజం, క్లాసు ఆ అమ్మాయికే ఇచ్చెయ్యండమ్మా, అంది పెద్ద సిస్టర్, నాకు జబ్బు చేస్తే నాకూ ఆ అమ్మాయినే వెయ్యండి.