మరియమ్మ అడిగిన లెక్క

నేను ఒక గీతల నోటుపుస్తకాన్ని. విజయవాడ బైండింగ్ షాపులో పుట్టి, ఒక జిల్లా ఆసుపత్రి ఎదుట జిరాక్స్ కొట్లో ఆరు నెలలు దుమ్ము తిని, చివరికి ప్రవల్లిక చేతికి వచ్చాను. ఆ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు వివరాలన్నీ కంప్యూటర్ తెర మీద ఒకేచోట కనబడేలా డ్యాష్‌బోర్డు చేయడం ఆమె పని. ముందుగా ఎవరికేం కావాలో అడిగి నాలో రాసుకునేది.

సూపరింటెండెంటు సోమయాజులుగారొక్కరే ఆరు పేజీలు నింపారు. "నెలనెలా ఎంత సేకరించామో రంగుల్లో రావాలమ్మా. శుక్రవారం కలెక్టరుగారు చూస్తారు." ఏం కావాలని అడిగితే పైవాళ్లకేం చూపించాలో చెప్పడం మనుషుల అలవాటని అప్పుడే తెలిసింది నాకు.

బుధవారం పొద్దున ప్రసూతి వార్డుకెళ్లాం. "నన్నింతవరకూ ఎవరూ అడగలేదు," అంటూ హెడ్ నర్సు మరియమ్మ మొదలుపెట్టిందో లేదో, లోపలినుంచి పిలుపొచ్చింది. అప్పుడే కాన్పయిన గంగాభవానికి రక్తం ఆగడం లేదు. ఓ నెగటివ్ గ్రూపు రక్తం కావాలి. బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేస్తే, రిజిస్టర్లో మూడు బ్యాగులున్నాయన్నారు. పరుగెత్తిన ఆయా ఉత్తచేతులతో తిరిగొచ్చింది. రెండింటికి గడువు దాటింది. మూడోది ఇంకో ఆపరేషనుకు పక్కన పెట్టారు.

ప్రవల్లిక చెమట నా అట్టకు అంటింది. మరియమ్మ మళ్లీ ఫోనందుకుని, ఆ ఆపరేషను చేయాల్సిన సర్జనుతో అంది: "మీ ఆపరేషను సాయంత్రందాకా ఆగుతుంది డాక్టరుగారూ. ఈ పిల్ల ఆగదు."

అవతలినుంచి సరేనన్నారు. తర్వాత బ్యాగు వచ్చింది. అది ఎక్కుతూ ఉండగా, డాక్టర్లు చాలాసేపు తంటాలు పడ్డాక, రక్తస్రావం అదుపులోకొచ్చింది. గంగాభవాని బతికింది.

చేతులు కడుక్కుంటూ మరియమ్మ అంది: "రాసుకోమ్మా. ఈ నిమిషాన ఎక్కించగలిగిన బ్యాగులు ఎన్ని? నాకది చాలు."

ప్రవల్లిక అక్షరాలు వంకర్లు పోయాయి. నేరుగా సోమయాజులుగారి గదికెళ్లి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. "సార్, రిజిస్టర్లో మూడు. వార్డుకు ఇవ్వడానికి విడిగా ఉన్నది ఒక్కటీ లేదు."

"శుక్రవారం ఇది చూపిస్తే నా పరువేం కావాలి?" అన్నారాయన. ప్రవల్లిక నన్ను ఆయనవైపు ఇంకాస్త జరిపింది. ఆయన ఆ వంకర అక్షరాలు రెండుసార్లు చదివారు. "ఆ రిజిస్టర్లో రోజూ సంతకం పెట్టేది నేనే," అన్నారు మెల్లగా. తన ఆరు పేజీలూ ఆయనే కొట్టేశారు. పెన్ను గట్టిగా నొక్కారు, ఆ గాట్లు నాకింకా ఉన్నాయి.

శుక్రవారం నేను కలెక్టరుగారి ముందు బల్లమీద ఉన్నాను. తెరమీద ఓ నెగటివ్ ఎదురుగా ఎర్రగా సున్నా వెలుగుతోంది. "ఇదేమిటి?" అని కలెక్టరుగారు అడిగారు.

సోమయాజులుగారు లేచి నిలబడ్డారు. "మా దగ్గర లేదండి," అన్నారు.