శేషయ్య ఆటోమేటిక్ గడియారం

తెల్లవారగానే సరోజమ్మ వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, పాలు పొయ్యి మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని లోపలికి పోయి మొగునికి కీ ఇచ్చేది. మంచం మీద కొయ్యలా పడి ఉండే శేషయ్య మణికట్టు పట్టుకుని, గడియారం పక్కనున్న బొడిపెను గట్టిపడేదాకా తిప్పితే ముల్లు కదిలేది, ఆయన కళ్లు తెరిచేవాడు. తెరవగానే కాఫీ ఏదని అడిగేవాడు.

ఆళ్లగడ్డలో ఆ ఇంటి మగవాళ్లందరూ అంతే. గడియారం ఆడితే మనిషి ఆడతాడు, ఆగితే ఆగుతాడు. పొద్దున్నే పని మీద వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని, స్నానమైందా అని అడిగినట్టు, "అప్పకు కీ ఇచ్చినారామ్మా?" అని అడిగేవాళ్లు.

రాత్రి పడుకునే ముందు తన చేత్తో తానే తిప్పుకుంటే శేషయ్యకు తెల్లారి ఎవరితోనూ పని లేదు. కానీ ఆ ఇంట్లో గడియారం తిప్పడం కోడళ్ల పని. మగవాడు తన కీ తాను ఇచ్చుకుంటే పరువు పోతుందట. అలాంటి పరువును పొయ్యిలో పెట్టాలి.

ఆ పరువు కోసం సరోజమ్మ పెళ్లయినప్పటి నుంచి ఒక్క రాత్రి కూడా బయట నిద్ర చేయలేదు. గడివేములలో తల్లి ఆఖరి ఊపిరి మీద ఉన్నప్పుడు కూడా చివరి బస్సుకు వెనక్కి వచ్చింది. మరునాడు ఆయనకు కీ ఇస్తూ ఉండగానే తల్లి పోయిందని ఫోను వచ్చింది. శేషయ్య కాఫీ చల్లారిందన్నాడు. ఆ మాటను ఆమె మరవలేదు. మరవాలని అనుకోనూ లేదు.

ఇప్పుడు కూతురు అర్చన నిండు గర్భిణి. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని నంద్యాల ఆసుపత్రిలో చేర్చుకున్నారు. అమ్మ దగ్గరుండాలని ఆ పిల్ల ఫోనులో ఏడ్చింది. శేషయ్య ఒప్పుకోలేదు.

"నువ్వు ఆడ కూర్చుంటే ఈడ నాకు కీ ఎవరిస్తారు?"

"ఈసారి నేను వెనక్కి రాను," అంది సరోజమ్మ. "తిప్పుకుంటారో పడుకుంటారో మీ ఇష్టం."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆమెను వెంటబెట్టుకునే నంద్యాల పోయి, జనార్దనం గడియారాల అంగట్లో కూర్చున్నాడు. జనార్దనం మూడు రకాలు అద్దం మీద పెట్టి ఓపికగా చెప్పాడు. శేషయ్య చేతికున్నది కీ గడియారం, లోపలి స్ప్రింగును రోజూ ఎవరో ఒకరు చుట్టాలి. ఆటోమేటిక్‌లోనూ అదే స్ప్రింగు, అవే పళ్లచక్రాలు. కాకపోతే వెనక అర్ధచంద్రంలాంటి బరువు ఒకటి ఉంటుంది. చెయ్యి ఆడినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును చుడుతుంది. మూడోది బ్యాటరీది, దానికి ఎవరి చెయ్యీ అక్కరలేదు.

"మీకు బ్యాటరీదే మేలప్పా," అన్నాడు జనార్దనం.

"నా చేన్లో కూలోళ్లు పెట్టుకునేది నేను పెట్టుకోవాల్నా? ఆ స్విస్సుది తీయ్. ఆటోమేటిక్ అంటే దానంతట అదే కదా."

"కాదప్పా, చెయ్యి ఆడాల. దీనికి కీ గూడా ల్యా. ఊరికే కూర్చుంటే రెండు దినాలకు నిలబడిపోతాది."

"నా చేతికేమన్నా పక్షవాతం వచ్చిందా?" అన్నాడు శేషయ్య.

పాతది విప్పుతుండగా ఏదో అనబోయి నోరు తెరిచి ఆగిపోయాడు. జనార్దనం కొత్తదాన్ని నాలుగుసార్లు ఊపి పెట్టగానే, మిగిలిన మాట పెండ్లాం మీద పూర్తిచేశాడు.

"పో, నీ బిడ్డ కాడనే పడుండు. నీ చేత్తో నాకింక పనేముంది?"

సరోజమ్మ అంగడి దిగి నేరుగా ఆసుపత్రికి పోయింది.

శేషయ్య ఇల్లు చేరి వాలుకుర్చీలో కూర్చున్నాడు. చెంబు ఒకరు అందించారు, చెప్పులు ఒకరు తెచ్చారు. అన్నం తినడానికి తప్ప ఆయన కుడిచెయ్యి లేవలేదు. గడియారం ఎడమచేతికి ఉంది. చివరకు, బర్రెలకు నీళ్లు పెట్టలేదని జీతగాడు వెంకటేష్‌ను తిడుతూ, తిట్టు మధ్యలో ఆగిపోయాడు.

వెంకటేష్ ఫోను చేసేసరికి అర్చనకు నొప్పులు మొదలయ్యాయి.

"అమ్మా, అప్ప నిలబడిపోయినాడు. చెయ్యి ఊపితే లేస్తాడు, లేస్తానే నన్ను తిడ్తాడు, మళ్ల ఆగుతాడు. ఎంతసేపని ఊపేది? మాకు పన్ల్యా?"

అలవాటు కొద్దీ సరోజమ్మ సగం లేచింది. తల్లి గుర్తొచ్చింది. మళ్లీ కూర్చుని బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను రాను. బోరింగు కాడికి మోసకపోయి, ఆ ఎడమచేత్తో పిడి పట్టిచ్చి నీళ్లు కొట్టించు. కండ్లు తెరిస్తే చెప్పు, ఆపినాడంటే ఆగిపోతాడని."

ఆ సాయంత్రమే అర్చనకు ఆడపిల్ల పుట్టింది. నర్సు లూదియా బిడ్డను తుడిచి సరోజమ్మ చేతుల్లో పెట్టింది.

కొన్నాళ్లకు శేషయ్యే ఫోను చేశాడు. మాట కంటే ముందు రొప్పు వినిపించింది, దాని వెనక బోరింగు కీచు. వీధి వీధంతా బిందెలు తెచ్చి వరస పెట్టిందట.

"ఎప్పుడొస్తావ్? చేతులు బొబ్బలెక్కినాయి. పాతదే పెట్టుకుంటా, వచ్చి కీ ఇయ్యి."

పుట్టిన బిడ్డ మాట అడగలేదు. సరోజమ్మకు కోపం గొంతుదాకా వచ్చింది, అయినా గొంతు పెంచలేదు.

"పాతది పెట్టుకోండి. కీ మీరే ఇచ్చుకోండి. దానికి పరువు అడ్డమొస్తే నీళ్లు కొట్టుకోండి."

అవతల చప్పుడు ఆగింది. మనిషే ఆగిపోయాడేమో అనుకుంది. ఫోను చెవి మీద నుంచి తీయలేదు, కూర్చున్నచోటు నుంచి లేవనూ లేదు. కాసేపటికి బోరింగు మళ్లీ కీచుమంది.

ఆమె ఫోను పెట్టేసి మనవరాలి పక్కన ఒరిగింది. మరునాడు బాగా పొద్దెక్కినాక లేచింది.