ఎర్రగుడ్డ కట్టిన మంచం

"మా ఆవిడా? ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి కాస్త సాయం చేస్తుంటుంది, అంతే," అన్నాడు భర్త, దుకాణంలో కంప్యూటర్ పెట్టడానికొచ్చిన మనిషితో.

అమ్మకానికి పెట్టిన చక్రాల కుర్చీ దుమ్ము తుడుస్తూ ఆమె ఆ మాట వింది. ఖాళీ! అయిదింటికి లేచి, ఆరుగురికి వండిపెట్టి, అత్తగారికి మందులిచ్చి, తొమ్మిదింటికల్లా దుకాణం తాళం తీసే ఖాళీ. పదకొండేళ్లుగా అదే ఖాళీ. రోగులకు కావలసిన మంచాలు, గాలిపరుపులు, చేతికర్రలు అమ్మే ఆ కొట్టు ఆమె భర్తదీ, ఆయన అన్నగారిదీ. ఏది తగ్గిందో చూసి కంపెనీకి ఆర్డరు పెట్టేది ఆమె. లారీ వచ్చాక ఒక్కోటీ విప్పి చూసి గోడౌనులో సర్దేది ఆమె. కొన్నవాళ్లింటికి పంపాక ఫోను చేసి "అందిందా అండీ, సరిగ్గా ఉందా?" అని అడిగేదీ ఆమే. వాళ్లు "ఆఁ" అనేదాకా ఆ వస్తువు ఆమె తలలోంచి దిగేది కాదు.

సరుకు లెక్కలు రాసుకున్న తన ఎనిమిది నోటుపుస్తకాలూ తొమ్మిది రోజులు కూర్చుని తనే కంప్యూటర్లోకి ఎక్కించింది. అంతా అయ్యాక బావగారు, "ఇంక నీకు విశ్రాంతమ్మా! మీట నొక్కితే సరుకెక్కడుందో అదే చెప్తుంది," అన్నారు. పాస్‌వర్డు అన్నదమ్ములిద్దరికే. తనకూ చెప్పమంటే భర్త నవ్వాడు. "నీకెందుకే ఆ తలనొప్పి?" పదకొండేళ్లూ ఆ తల ఎవరిదో ఆయనకు గుర్తు రాలేదు. ఏరు దాటించి తెప్ప తగలేయించుకున్నట్టనిపించింది ఆమెకు.

ఆ తర్వాత మూడోవారం ఒక టీచరమ్మ మంచం కొంది. తుంటి విరిగిన వాళ్లమ్మను నాలుగింటికి ఆస్పత్రి నుంచి ఇంటికి తెస్తున్నారు. మంచం పొద్దున్నే వెళ్లింది. పన్నెండింటికి ఫోను.

"పక్క కడ్డీ నిలబడ్డం లేదట," అన్నాడు భర్త, మొహం వేలాడేసి.

ఆమెకు వెంటనే అర్థమైంది. "నేను ఎర్రగుడ్డ కట్టి మూలకు తోయించిన మంచమేనా? కంపెనీకి వాపసు పంపాలన్నానే!"

"ఎప్పుడన్నావు?"

"సోమవారం. మీరు ఫోనులో ఉన్నారు. సరేలే అన్నట్టు చెయ్యి ఊపారు."

"కంప్యూటర్లో ఒకటి ఉందని ఉంది మరి!" అన్నారు బావగారు. గుడ్డ విప్పించి పంపింది ఆయనే.

"ఉంది. పనికిరానిది ఒకటి ఉంది."

చావనీ, వాళ్లే పడతారు, అనుకుంది ఒక్క క్షణం. కానీ మంచం మీంచి జారిపడేది ఈ అన్నదమ్ములు కాదు కదా. కంపెనీ డిపోకి ఫోను చేసింది.

"ఏమ్మా, మూడు వారాలుగా మీ గొంతే లేదు?" అన్నాడు డిపో పెద్దాయన. "మీ కొట్టునుంచి వచ్చే ఆర్డర్లకు తలా తోకా ఉండడం లేదు."

అక్కడ ఒక్క మంచం ఉంది. ట్రాలీ ఆటో మాట్లాడుకుని, డ్రైవరు పక్కన కూర్చుని తనే వెళ్లింది. కడ్డీ నాలుగుసార్లు ఎత్తి దించి చూసింది. అప్పటికీ నమ్మకం చాలక, డిపోలో అందరూ చూస్తుండగానే మంచం మీద పడుకుని, కడ్డీ పట్టుకుని పక్కకు దొర్లింది. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "గోడౌను చూసుకునే మనిషి కోసం మూడు నెలలుగా వెతుకుతున్నామమ్మా," అన్నాడు.

"పొద్దున ఎన్నింటికి రావాలి?" అని అడిగింది. అంత తేలిగ్గా అడగగలనని ఆమెకే తెలీదు.

మూడున్నరకు మంచం టీచరమ్మ ఇంట్లో ఉంది. నాలుగింటికి ముసలావిడను దానిమీదికి దించారు. టీచరమ్మ కృతజ్ఞతలు చెప్పబోతుండగా భర్త స్కూటరు మీద దిగాడు. "మా సర్వీసంటే అదీ మేడం! విషయం తెలిసిన నిమిషంలో పరుగులు పెట్టించాను."

ఇలాంటివి ఆమె ఎన్ని మింగలేదు! ఈసారి గొంతు దిగలేదు.

"కాదండీ," అంది టీచరమ్మతో. "చెడిపోయిన మంచం పంపింది వీళ్లు. దీన్ని తెచ్చింది నేను."

ఇంట్లో అత్తగారు అందుకుంది. "మొగుణ్ణి పరాయివాళ్ల ముందు అలా తీసిపారేస్తారా?"

"ఉన్నమాటే అన్నానత్తయ్యా. లేనిది ఆయన అన్నారు."

డిపోలో చేరుతున్నానంటే భర్త తెల్లబోయాడు. "మనకేం తక్కువని?"

"మనకేం తక్కువ లేదు. నాకు తక్కువైంది."

చేరిన రెండోవారం ఆమె బల్లమీది ఫోను మోగింది. భర్త. "మన మంచాలు ఎక్కడిదాకా వచ్చాయో కాస్త చూసి చెప్పు," అని, "సాయంత్రం త్వరగా వస్తావుగా? అమ్మ ఆకలికి ఆగలేదు," అన్నాడు.

ఆమె రిజిస్టరు తిప్పి చూసింది. "మంచాలు ఎల్లుండి పొద్దున పదింటికి మీ కొట్టు ముందు దిగుతాయి. నాకు ఏడవుతుంది, స్టవ్వు మీరు వెలిగించండి."