ఉంగరంలో దూరని రాళ్ళు

పెద్దమునియప్ప ఇంకో రాయి తీసి ఉంగరంలో పెట్టి చూశాడు. దూరలేదు. కుడివైపు వేశాడు. తరువాతది జారి పడింది. ఎడమవైపుకు నెట్టాడు.

క్వారీ మేస్త్రీ ఇచ్చిన ఇనుప ఉంగరం అది. తన ఊరు హూడి దగ్గర ఇరవై రెండేళ్ళు రోడ్డు కంకర కొట్టాడు. ఉంగరంలో దూరిన రాయికే కూలి. దూరనిదాన్ని మళ్ళీ కొట్టాలి. ఇప్పుడు ఆ క్వారీ యజమాని బంగళాలో తాబేలు తొట్టి పని. ఇక్కడ అంతా తిరగబడింది. తాబేలు తల ఈ ఉంగరంలో పట్టనంత పెద్దది. ఉంగరంలో దూరిన రాయి దాని నోట్లోనూ దూరుతుంది, మేతతో పాటు మింగేస్తుంది. పేగు మూసుకుపోతుంది.

పోయిన నెల చెయ్యి పాత అలవాటుకే పోయింది. దూరిన రాళ్ళనే తొట్టిలో పరిచాడు. రెండు తాబేళ్ళలో ఒకటి చచ్చింది. పశువుల డాక్టరు వచ్చి కడుపు కోస్తే ఏడు రాళ్ళు. రెండోది కూడా చస్తే గేటు బయటికే అంది యజమాని భార్య సరోజమ్మ. బయట ఎవడు పని ఇస్తాడు? సుత్తి దెబ్బకు చదునైన బొటనవేలు, ఎముకలు తేలిన భుజాలు, పిల్లికూతలు కూసే రొమ్ము. ఆ రొమ్ములో ఎంత రాతి దుమ్ము ఉందో చూడటానికి ఏ డాక్టరూ రాలేదు. రాడు కూడా. యుద్ధం లారీలకు రోడ్లు కావాలి, రోడ్లకు కంకర కావాలి, కంకర కొట్టినవాడు ఎవడికి కావాలి?

తోటమాలి జయరామప్ప నీళ్ళడబ్బాతో వచ్చాడు. అతనిదీ హూడే, ఆ క్వారీలోనే చేసినవాడు. రెండు నెలలు ఊళ్ళో ఉండి నిన్ననే వచ్చాడు.

“ఏమప్పా, తాబేలుకు పెండ్లిచూపులా? ఒక్కొక్కటీ ఎంచుతా ఉండావు!”

“నగు, నగు,” అన్నాడు పెద్దమునియప్ప, పక్కన బకెట్టులో ఉన్న తాబేలును చూపిస్తూ. “నా కూడంతా దీని కడుపులోనే ఉండాది.”

“ఉంగరం ఇంకా ఇడిసిపెట్టలేదా నువ్వు?”

“అదే లేకుంటే... ఈ దిక్కువి...” దగ్గు తెర మాట మింగేసింది. తువ్వాలు ఎర్రబడింది. జయరామప్ప కాసిని నీళ్ళు తాగించి మొక్కల దగ్గరికి పోయాడు.

పెద్దమునియప్ప కుడివైపు రాళ్ళను తడిపి, పదునున్నచోటల్లా గచ్చు మీద అరగదీశాడు. తాబేలు పొట్ట గీరుకోకూడదు. ఆఖరిది అరగదీసి, గోడకు ఆనుకున్నాడు.

పొద్దు వాలాక జయరామప్ప వచ్చి భుజం కదిపితే పెద్దమునియప్ప పక్కకు ఒరిగిపోయాడు. శవాన్ని ఎద్దులబండిలో హూడికి పంపించేశారు.

“పొద్దున్నుంచీ పాపం బకెట్టులోనే ఉండాది,” అంది సరోజమ్మ, తాబేలును చూసి. “ఆయప్ప ఏరిన రాళ్ళు పోసి, దాన్ని వదులప్పా.”

జయరామప్ప రెండు కుప్పల ముందు నిలబడ్డాడు. ఉంగరం తీసి ఒక రాయి పెట్టి చూశాడు. దూరింది. క్వారీలో చేసినవాడికి ఇంకేం చెప్పాలి? కళ్ళు తుడుచుకుని, దూరిన రాళ్ళన్నీ కడిగి, ఒక్కటీ వదలకుండా తొట్టిలో పరిచాడు. దూరనివి చెత్తతట్టలోకి ఎత్తాడు.

తాబేలు మెడ చాచింది. తొట్టి గట్టు మీద ఇనుప ఉంగరం, లోపలివైపు రాళ్ళు రాసి రాసి తెల్లగా మెరుస్తూ.